ప్రశ్న కింద పేరు

జ్ఞానప్రకాశం మాస్టారింట్లో ఉదయ ప్రార్థన ఐదు నిమిషాలు దాటదు. ఆ రోజు మాత్రం పావుగంటైనా ఆమెన్ రాలేదు. పొయ్యి మీద దిబ్బరొట్టె మాడుతుందేమోనని ఆయన భార్య సుందరమ్మ ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూసింది. కూతురు జాస్మిన్ కళ్ళు మూసుకునే ఉంది గానీ, ఆమె మనసు దేవుడి దగ్గర లేదు, కంప్యూటర్ దగ్గర ఉంది.

"ప్రభువా, పదకొండు గంటలకి మా బిడ్డకి కంపెనీవాళ్ళు పరీక్ష పెడుతున్నారు. ఎవరినీ దేబిరించకుండా, ఎవరి ముందూ తల దించకుండా గెలిచొచ్చేలా దీవించు తండ్రీ" అని ముగించారు మాస్టారు.

జాస్మిన్ ఆమెన్ అనడం మర్చిపోయింది.

ఆర్నెల్ల క్రితం హైదరాబాదు కంపెనీ ఒకటి ఆమెను ప్రోగ్రామర్‌గా తీసుకుంది. ఇంటి నుంచే పని. ఆర్నెల్లూ చూసి, ఆ రోజు పదకొండింటి మీటింగులో పనికొస్తుందనుకుంటే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేదంటే ఇంటికి పంపేస్తారు. ఇప్పటికే ఇంట్లో ఉన్నదాన్ని మళ్ళీ ఇంటికేం పంపుతార్లే అని సుందరమ్మ నవ్వేది. మాస్టారు నవ్వలేదు. రాజోలు బస్టాండు దగ్గర్నుంచి చర్చి గేటు దాకా ఆయన ఈ ఉద్యోగం సంగతి చెప్పని మనిషి లేడు. మా అమ్మాయి ఆసుపత్రులకి కంప్యూటర్ పేజీలు తయారుచేస్తోందండి, రోగులు ఇంట్లోంచే పేరు రాయించుకోవచ్చండి అని, అడగని వాళ్ళకి కూడా చెప్పారు.

ఆ పేజీ దగ్గరే పిల్ల ఇరుక్కుపోయింది. రోగి పేరు, వయసు, జబ్బు అన్నీ నింపి బటన్ నొక్కితే వివరాలు ఆసుపత్రికి చేరాలి. చేరడం లేదు. నొక్కీ నొక్కగానే పేజీ మళ్ళీ మొదటికొచ్చి, రాసిందంతా చెరిగిపోతోంది. పదకొండు రోజులుగా ఇదే తంతు. తిండి సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు. "ఎంతవరకు వచ్చింది జాస్మిన్?" అని టీమ్ లీడర్ అక్షయ అడిగిన ప్రతిసారీ "అయిపోవచ్చిందండీ" అని తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

అక్షయను ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ ఆ ఇంట్లో అడగడమనేది లేదు. మాస్టారి తండ్రి ఒకరి పొలంలో పాలేరు. ఆ ఇంటి నుంచి మొట్టమొదట బడికెళ్ళింది, లెక్కల మాస్టారై పదిమంది చేత నమస్కారాలు పెట్టించుకుంది జ్ఞానప్రకాశమే. "మనకి రాదన్న మాట మన నోట్లోంచి రాకూడదు. దాని కోసమే కాచుకుని ఉంటారు జనం" అని ఆయన కూతురికి పలక పట్టించిన నాటి నుంచీ చెబుతూ వచ్చారు. ఆ మాట పిల్ల ఒంట్లో ఇంకిపోయింది.

జాస్మిన్ స్నానానికి వెళ్ళినప్పుడు, రొట్టె పళ్ళెం ఆమె గదిలో పెట్టడానికి మాస్టారే వెళ్ళారు. బల్ల మీద కంప్యూటర్ తెరిచే ఉంది. కొత్తగా ప్రోగ్రాములు రాసేవాళ్ళు సందేహాలు అడిగే వెబ్‌సైటు అది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఇంగ్లీషులో ఉన్నదంతా చదివారు. ఆసుపత్రి ఫారం నింపి బటన్ నొక్కితే పేజీ మొదటికొచ్చేస్తోందని, పదకొండు రోజులుగా తల బద్దలుకొట్టుకుంటున్నానని, దయచేసి ఎవరైనా సాయం చేయమని ఎవరో బతిమాలుకుంటున్నారు. ముందు పాఠాలు చదువుకుని రమ్మని దాని కింద ఒకడు వెక్కిరించాడు. కోడు చూపించకుండా మందు చెప్పమంటే ఎలాగని ఇంకొకడు విసుక్కున్నాడు. కంపెనీ కోడు బయటపెట్టకూడదట, అందుకని చూపించలేనని మళ్ళీ బతిమాలాట.

అడిగిన మనిషి పేరు, సాయి కిరణ్. ఊరు, రాజోలు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. సాయి కిరణ్ అంటే పక్కింటి కేశవరావుగారబ్బాయి. జాస్మిన్‌తో పాటు మాస్టారి బళ్ళోనూ, ఆ తరువాత ఒకే కాలేజీలోనూ చదివాడు.

"చూసేవా సుందరం! కేశవరావుగారబ్బాయి లోకం ముందు నాకు రాదు మొర్రో అని మొత్తుకుంటున్నాడు. మనమ్మాయి అది చదివి వాడికి జవాబు చెబుదామనుకుంటోంది కాబోలు."

"ఎవరిదో మనకెందుకండీ? రొట్టె చల్లారిపోతోంది, తినండి."

ఆయన తినలేదు. తిన్నగా పిట్టగోడ దగ్గరికి నడిచారు. అవతల దొడ్లో కొబ్బరి దింపు జరుగుతోంది. కేశవరావు కింద నిలబడి గెలలు చూసుకుంటున్నాడు.

"కేశవరావుగారూ, ఒక్క మాటండీ."

"ఆయ్, చెప్పండి మాస్టారూ."

"మీవాడికి కంప్యూటర్లో ఏదైనా రాకపోతే మొహమాటపడొద్దనండి. ఊరూపేరూ తెలియనోళ్ళని అడుక్కోవడం ఎందుకు? గోడవతలే మా జాస్మిన్ ఉంది."

కేశవరావు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "మావాడా? వాడు కంప్యూటరు ముట్టుకుని ఏడాదైందండీ. రొయ్యల మేత కంపెనీలో చేరేడుగా. పొద్దున్నే చెరువుల మీదకెళ్ళిపోయేడు."

"అదేంటండీ, ఆసుపత్రి పేజీ ఏదో రావట్లేదని రాసేడు కదా?"

"ఆసుపత్రి పని మీ అమ్మాయిది కదండీ? మీరేగా మొన్న చెప్పేరు" అన్నాడు కేశవరావు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేది, మాస్టారు కాస్త కోపం తెచ్చుకునేవారు. ఇప్పుడు ఏం తెచ్చుకోవాలో తెలియక, "అవునవును, నేనే పొరబడ్డాను" అని వెనక్కి తిరిగారు.

జాస్మిన్ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని గదిలోకి వచ్చేసరికి తండ్రి ఆమె కుర్చీ పక్కనే నిలబడి ఉన్నారు. గడియారంలో పది కావస్తోంది.

"ఆ పేరెవరిదమ్మా?"

పిల్ల మొహం తెల్లబోయింది.

"నిన్నే అడుగుతున్నాను. నేలపూడి జాస్మిన్ అని నేను పెట్టిన పేరేమైంది? పక్కింటోళ్ళ పేరు అరువు తెచ్చుకున్నావా? వెళ్ళి వెళ్ళి వాళ్ళ నాన్నగారి ముందే నవ్వులపాలై వచ్చేను."

"నాన్నగారూ, అడిగినందుకు కోపమా? పేరు మార్చినందుకా?"

"రెంటికీను!"

ఆ అరుపుకు సుందరమ్మ అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చింది. జాస్మిన్ ఏడవలేదు. ఏడవాల్సిందంతా పదకొండు రోజులుగా బాత్రూములో ఏడ్చేసింది.

"నాకు రాదని చెప్పుకోడానికి మన పేరు పెట్టకూడదని మీరేగా నేర్పేరు!" అంది. "సాయి కిరణ్‌కి రాలేదంటే ఒక్క సాయి కిరణ్‌కే రాలేదు. నాకు రాలేదంటే మీకు రాలేదంటారు, తాతయ్యకి రాలేదంటారు, వీళ్ళకెలా వస్తుందిలే అంటారు. బళ్ళో వాడు రోజుకి పదిసార్లు చెయ్యెత్తేవాడు. చురుకైనోడని మీరే మెచ్చుకునేవారు. నేను ఒక్కసారి ఎత్తేను నాన్నగారూ, ఐదో తరగతిలో. మీరు నా వైపు చూసిన చూపుకి దించేసేను. మళ్ళీ ఎత్తలేదు."

సుందరమ్మ అట్లకాడ ఎత్తి భర్త వైపు తిరిగింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనింట్లో అమ్మ పెడతానన్నా అడక్కూడదు! ఏవండీ, మీ బియ్యెస్సీ లెక్కల పేపరు రెండుసార్లు ఎందుకు పోయిందో దీనికి చెప్పండి."

"సుందరం!"

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

తండ్రి పరీక్ష తప్పాడన్న సంగతి జాస్మిన్ ఇరవై మూడేళ్ళలో వినలేదు. గోడ మీద ఆయన డిగ్రీ పటం ఉంది గానీ, అది ఎన్నోసారి పరీక్ష రాస్తే వచ్చిందో అందులో రాయలేదు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

"ఓ రోజు క్లాసులో లేచి, నాకు ఈ లెక్క అర్థం కాలేదండీ అన్నాను. 'అర్థం కాకపోతే వెళ్ళి అరక దున్నుకోరా, మీ నాన్నకి సాయంగా ఉంటుంది' అన్నారు మా లెక్చరర్. క్లాసంతా నవ్వింది. ఇక లేవలేదు. అది ఒక్క పాఠమే, ఎవరినడిగినా గంటలో చెప్పేవారు. దాని కోసం రెండేళ్ళు పోగొట్టుకున్నాను."

"మరి నాకెందుకండీ అదే నేర్పేరు?" అంది జాస్మిన్. ఈసారి గొంతులో కోపం లేదు.

"నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని" అన్నారాయన. ఆ తరువాత తనలో తాను అనుకుంటున్నట్టుగా, "ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ తెలియకపోతే అడగండర్రా అని చెప్పేను. ఇంట్లో పిల్ల నోరు మాత్రం నేనే మూసేసేను. ఆ లెక్చరర్ నన్ను ఒక్కరోజే అన్నాడు. నేను నిన్ను రోజూ అన్నాను" అని రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

ఆయన ఏడవగా చూసింది సుందరమ్మ ఒక్కతే, అదీ ఆయన తల్లి పోయినప్పుడు. ఇప్పుడు కూతురు కూడా చూసింది. దగ్గరికెళ్ళి ఆ చేతులు పట్టుకోవాలో వద్దో తెలియక నిలబడిపోయింది.

"ఆ మేడంగారికి ఫోన్ చెయ్యమ్మా" అన్నారు మాస్టారు.

"ఇప్పుడా? గంటలో మీటింగ్ పెట్టుకుని? నాకు రాదని తేలిపోతుంది నాన్నగారూ."

"తేలనీ."

జాస్మిన్ నంబరు నొక్కింది. సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పు జాస్మిన్" అంది అవతల అక్షయ.

"మేడం... నేను జాస్మిన్‌ని. అంటే... మీకు తెలుసు. మేడం, ఆ పేజీ అవలేదండీ. అయిపోవచ్చిందని అబద్ధం చెప్పేను. బటన్ నొక్కగానే మొదటికొచ్చేస్తోంది. ఎందుకో నాకు తెలియట్లేదు. పదకొండు రోజులైంది."

"పదకొండు రోజులా! ఒక్కదానివే కూర్చున్నావా? స్క్రీను చూపించు" అంది అక్షయ. చూసింది. నిట్టూర్చింది. "ఇది మొదట్లో అందరికీ అయ్యేదేనమ్మా, నాకూ అయింది. ఫారంలో బటన్ నొక్కితే పేజీ తనంతట తాను మళ్ళీ తెరుచుకుంటుంది. వద్దని మనం చెప్పాలి. నేను చెప్పే లైను అక్కడ రాయి."

జాస్మిన్ రాసింది. బటన్ నొక్కింది. పేజీ కదల్లేదు. రోగి వివరాలు ఆసుపత్రికి చేరాయని కింద పచ్చగా వచ్చింది. గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

"నిజం చెప్పమంటావా?" అంది అక్షయ. "నిన్ను పంపేద్దామనే అనుకున్నాం. పని రాదని కాదు, ఎక్కడ ఆగిపోయావో చెప్పవు. చెప్పని మనిషితో ఎలా పనిచేయించుకోవాలి? ఇప్పుడు చెప్పావు కాబట్టి మన మేనేజర్ ఉదయ్‌గారితో మాట్లాడి చూస్తాను. మాట మాత్రం ఇవ్వలేను."

పదకొండింటికి గది తలుపు మూసుకుంది. మాస్టారు వీధరుగు మీద కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. సుందరమ్మ ఒకే బియ్యాన్ని మూడుసార్లు కడిగింది.

పన్నెండు కావస్తుండగా తలుపు తెరుచుకుంది.

"ఖాయం చెయ్యలేదు" అంది జాస్మిన్. "ఇంకో మూడు నెలలు చూస్తారట. రోజూ సాయంత్రం, ఆ రోజు నాకు తెలియనివేంటో మేడంగారికి రాసి పంపాలట."

"ఉద్యోగం పోలేదుగా, అది చాల్లే!" అని సుందరమ్మ పిల్ల తల మీద ముద్దు పెట్టుకుంది.

ఉదయం ప్రార్థన చేసిన మాస్టారైతే ఆ మూడు నెలల మాట విని మంచం పట్టేవారు. ఇప్పుడు కూతురి పక్కకు కుర్చీ జరుపుకున్నారు.

"ఆ మేడంగారు చెప్పిన లైను ఏంటమ్మా? అసలు ఆ పేజీ మొదటికెందుకు వచ్చేసేది?"

"అదా... మీకెందుకులెండి నాన్నగారూ."

"నాకు తెలీదమ్మా" అన్నారు జ్ఞానప్రకాశం మాస్టారు. "తెలీకే అడుగుతున్నాను. చెప్పు."

ఆ నోటి నుంచి ఆ మాట జాస్మిన్ ఎన్నడూ వినలేదు. కంప్యూటర్ ఆయన వైపు తిప్పి, చెప్పడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికే కన్నీళ్ళు బొటబొటా రాలాయి.

"అలా ఏడుస్తూ చెబితే నాకేం అర్థమవుతుంది?" అన్నారాయన, తడిసిన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ. "మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."