పచ్చగేటింటి కటకట

ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ వెనక సందులో ఒక పాత ఇల్లుంది. తుప్పు పట్టిన పచ్చ గేటు, లోపల అడవిలా పెరిగిన సీతాఫలం చెట్లు. పగటిపూట కూడా ఆ గోడవారన ఎవరూ బండి ఆపరు. చీకటి పడ్డాక ఆటోవాళ్లు చుట్టూ తిరిగైనా పోతారు గానీ ఆ సందులోకి రారు.

కారణం లేకపోలేదు. రాత్రిపూట ఆ గేటు ముందు ఏ జీవాన్ని విడిచినా — తెల్లారేసరికి ఉండదు. కుక్కపిల్ల, కుంటి మేక, గుడ్డి పిల్లి… ఏదైనా సరే. ఎముక మిగలదు. వెంట్రుక కూడా మిగలదు.

“దయ్యం తింటదమ్మా,” అన్నాడు మూలమీది పాలబూత్ కైలాసం, ఉదయశ్రీ ఆ సందులో అద్దెకు దిగిన మొదటి వారంలోనే. “మస్తు ఆకలి దయ్యం. సాకలేనోళ్లు గిట్ల తెచ్చి ఈడ ఇడిచిపోతరు. పొద్దుగాల్ల సూస్తే ఏముండదు. సాఫ్.”

ఉదయశ్రీది భీమవరం పక్కన ఊరు. గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం, బదిలీ మీద వచ్చింది. దయ్యమన్న మాట వింటేనే ఆవిడకు కాళ్లు చల్లబడతాయి. అలాగని వీధిలో కుంటుతున్న కుక్క కనబడితే ఆగకుండా పోనూలేదు. స్కూటీ డిక్కీలో ఎప్పుడూ ఒక పాత దుప్పటి, బిస్కెట్లు, పసుపు డబ్బా ఉంటాయి. ఆ భయమూ ఈ జాలీ ఎన్నడూ ఎదురుపడలేదు — ఆ మంగళవారం రాత్రి దాకా.

పదిన్నర దాటింది. బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తోంది. కిందినుంచి ఎవరో గబగబా నడుస్తున్న చప్పుడు…

సోమశేఖర్. సందు మొదట్లో చీరల హోల్‌సేల్ వ్యాపారి. చంకలో తెల్లగా ఏదో ఉంది. బన్నీ — వాళ్లింటి పామరేనియన్ కుక్క. ముసలిది, కళ్లలో శుక్లాలు. రోజూ ఆఫీసుకు పోతూ ఉదయశ్రీ గ్రిల్లులోంచి చెయ్యి పెడితే, వాసన పట్టి నాకేది.

సోమశేఖర్ దాన్ని పచ్చగేటుకు తాడుతో కట్టాడు. ఒక్కసారి తల నిమిరాడు. తర్వాత వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు.

ఉదయశ్రీ మెట్లు దిగింది. ఎలా దిగిందో ఆవిడకే తెలియదు.

సందులో వెన్నెలే తప్ప కరెంటు దీపం లేదు. గేటు దగ్గరికి వచ్చి ఫోన్ వెలుగు వేసింది. తాడు ఉంది. బన్నీ లేదు.

గేటు… జానెడు తెరిచి ఉంది.

“బన్నీ,” అని పిలిచింది. ఆ పిలుపు తనకే వినపడలేదు.

వెనక్కి పోదామనుకుంది. పోయి ఏం చేస్తుంది? రేపు ఆ గ్రిల్లు ముందునుంచి ఎలా నడుస్తుంది? ఆంజనేయ దండకంలో గుర్తున్న రెండు ముక్కలూ మళ్లీ మళ్లీ అనుకుంటూ లోపలికి అడుగు పెట్టింది. ఎండుటాకులు కాళ్ల కింద నలిగాయి. ఫోన్లో ఛార్జింగ్ ఒక్క శాతం… ఆరిపోయింది.

అప్పుడు వినపడింది.

కట… కట… కటకట.

ఎముకలు నములుతున్న చప్పుడు. ఒక నోరు కాదు — పది నోళ్లు. ఆ చప్పుడు మధ్యలోంచి బొంగురుగా, నిదానంగా ఒక గొంతు…

“ఇంకెవర్ని… తినాలె…”

ఉదయశ్రీ అక్కడే నిలబడిపోయింది. ఎదురుగా వసారాలో ఒక నల్లని ఆకారం కూర్చుని ఉంది. దాని ఒళ్లో తెల్లని ముద్ద.

బన్నీ.

అదే సమయానికి మెడ వెనక వెచ్చగా ఊపిరి తగిలింది. ఎవరో వెనకనుంచి చున్నీ పట్టుకుని లాగుతున్నారు… మెల్లగా… ఇంకొంచెం…

ఉన్నచోటే కూలబడింది. చేతులు జోడించింది.

“అమ్మా… దాన్ని వదిలెయ్యండి. ముసలిదండీ, ఒంట్లో ఏమీ ఉండదు. కావాలంటే నన్ను తినండి. అరవై ఎనిమిది కేజీలుంటాను.”

కటకట ఆగిపోయింది.

టార్చి వెలిగింది. ముడతల మొహం, పక్కన సగం అల్లిన బంతిపూల దండ. చుట్టూ పదీ పన్నెండు కుక్కలు, అల్యూమినియం పళ్లాల్లో ఉడికించిన కోడికాళ్లు.

“నిన్నెందుకు తింట బిడ్డా,” అంది ముసలమ్మ. “రాత్రిపూట నాకు అన్నమే అరగది. అరే నవాబ్, ఆమె చున్నీ ఇడువు.”

ఉదయశ్రీ వెనక్కి తిరిగింది. ఒక గాడిద చున్నీ కొసను తీరిగ్గా నములుతోంది.

ముసలమ్మ పేరు కొమురమ్మ. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్ముతుంది. ఇంటి ఓనర్లు తాళాలు ఆమెకిచ్చి కాపలా పెట్టారు. వెనక దారినే వచ్చిపోతుంది గనక సందులో ఎవరికీ తెలియదు.

“మరి… ఎవర్ని తినాలె అన్నారు కదండీ?”

“‘ఇంకెవరు తినలె’ అని అన్న. గిన్ని నోళ్లున్నయి, ఎవరు తినకుండ మిగిలిండ్రో సూస్కోవాలె గద.”

“మా వైపు ‘తినలేదు’ అంటామండి,” అంది ఉదయశ్రీ నీరసంగా.

“గందుకే భయపడ్డవ్. ఈ దయ్యం ముచ్చట నేనే పుట్టిచ్చిన బిడ్డా. దయ్యమంటే ఎవ్వరు రారు, జీవాలను తెచ్చి పడెయ్యరు అనుకున్న. దయ్యముందని ఇంకిన్ని తెస్తున్నరు. మనుషులకు దయ్యం మీద గింత నమ్మకముంటదని నాకేం ఎరుక.”

ఇంతలో గేటవతల దగ్గు వినపడింది. వణుకుతూ ఒక గొంతు…

“బన్నీ… బేటా… ఉన్నవా?”

సోమశేఖర్. ఉదయశ్రీ బన్నీని ఎత్తుకుని లేవబోయింది. కొమురమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఖాళీ బిందె ముందుకు లాక్కుని, దానిలో మొహం పెట్టింది.

“ఎవడ్రా…”

బయట ఏదో కింద పడింది.

“నేను… చీరల దుకాణం సోమశేఖర్‌ని. తప్పయింది. కాళ్లకాడ అది పండకుంటే నాకు నిద్ర పడ్తలేదు. తినకుంటే… ఇచ్చెయ్యి తల్లీ.”

“ఎందుకు ఇడిచినవ్…”

“కొత్త సోఫా తడుపుతున్నది. ఇంట్లో రోజు లొల్లి.”

“ముసలోడివైతే నువ్వు తడపవా…”

కొంచెంసేపు ఆలోచించి, “తడుపుత,” అన్నాడు సోమశేఖర్.

ఉదయశ్రీ కొమురమ్మ చెవిలో గుసగుసలాడింది. బిందె మళ్లీ మోగింది.

“సూదులేయించినవా…”

“పోయినేడు మర్చిపోయిన.”

“పొద్దుగాల్లనే ఏయించు. కండ్లు గూడ సూపియ్యి. డాక్టర్ చిట్టి తెచ్చి ఈ గేటుకు కట్టాలె. నేను సదువుత.”

“ఏ డాక్టరు కాడికి పోవాలె తల్లీ?”

కొమురమ్మకు ఆ సంగతి తెలియదు. ఉదయశ్రీ బిందె లాక్కుంది. ఆఫీసులో చెప్పినట్టే చెప్పింది.

“గవర్నమెంటు పశువుల ఆస్పత్రికి వెళ్లండి. పొద్దున్నే వెళ్తే లైనుండదండి.”

“…సరేనండి,” అన్నాడు సోమశేఖర్.

గేటు సందులోంచి బన్నీని బయటికి వదిలారు. అది వాసన పట్టుకుంటూ పోయి అతని పాదం నాకింది. సోమశేఖర్ దాన్ని గుండెకు హత్తుకుని, ఏడుస్తూనే పరుగెత్తాడు.

మర్నాడు సాయంత్రం పచ్చగేటుకు ప్లాస్టిక్ కవర్లో చిట్టి వేలాడుతోంది. పక్కన రెండు నిమ్మకాయలు, వెలిగించిన అగరొత్తులు. చిట్టి మీద డాక్టరు సంతకం, ముద్ర, మళ్లీ రావలసిన తేదీ. ఉదయశ్రీ అక్షరం వదలకుండా చదివి వినిపించింది. కొమురమ్మ తలూపింది.

సోమశేఖర్ నోరు మూసుకుని ఉండే రకం కాదు. దయ్యం సూదుల లెక్క అడుగుతోందని రెండు రోజుల్లో సందంతా పాకిపోయింది. ఆ వారం గేటు ముందు ఎవరూ ఏ జీవాన్నీ విడవలేదు.

తర్వాతి శుక్రవారానికి గేటుకు పదకొండు చిట్టీలు వేలాడుతున్నాయి. అందులో ఒకటి కోడిపుంజుది.