పరదా అవతలి గుండె చప్పుడు

పిలిచిందెవరే చెల్లెలా
పిలవకనే వచ్చిందెవరే
గడప దాటిన తడి పాదాలు...

ఆ తరువాత ఇంకో చరణం ఉండాలి. ఎంత తడుముకున్నా దొరకదు. చిన్నప్పుడు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడేవాళ్ళం. పాట ఎక్కడ ఆగితే అక్కడున్న పిల్ల కూలబడాలి. అంతే ఆట. ఏళ్ళ తరబడి గుర్తుకు రానిది, ఆ పొద్దున ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే ఉన్నట్టుండి నోట్లోకి వచ్చింది. పక్కన మా మనవరాలు రెండు చేతులతో నడుము పట్టుకుని కూర్చుంది. దాన్ని నేను అసలు పేరుతో ఎప్పుడూ పిలవలేదు. పిచ్చుక అంటాను.

"అమ్మమ్మా, ఇప్పుడు పాటలేంటి? అందరూ చూస్తున్నారు."

"చూడనీవే. పాడితే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"లోపలున్నదేమో కదలదు, బయటున్నదేమో ఆగదు. మధ్యలో నేను చచ్చాను," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటిపోయింది. ఉమ్మనీరు తగ్గుతోందట, ఇంకా ఆగితే బిడ్డకు మంచిది కాదట. "మందు పెట్టి నొప్పులు తెప్పిద్దాం," అంది. నేను తెల్లబోయాను. నొప్పులు కూడా కబురు పెడితే వస్తాయా! మా రోజుల్లో అవి చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలు. ఇప్పుడు మనమే పిలుచుకుంటున్నామన్నమాట. పిలుపు అందుకుని వచ్చేది ఎవరెవరో అన్న ఆలోచన మాత్రం అప్పుడు నాకు రాలేదు.

పిచ్చుక మొగుణ్ణి వార్డు గుమ్మం దగ్గరే ఆపేశారు. తోడుకు ఒక్కరే, అదీ ఆడవాళ్ళే. సంచీ నాకిచ్చి, "అమ్మమ్మగారూ, మీరున్నారుగా," అన్నాడు. ఉన్నాను మరి.

పొడవాటి గది. మంచానికీ మంచానికీ మధ్య పచ్చ పరదాలు. కిటికీ అద్దాలకు తెల్లరంగు పూసేశారు, బయట పొద్దు ఎంత ఎక్కిందో తెలీదు. ఫినాయిలు వాసన. మాకిచ్చిన చివరి మంచం దగ్గరికి వెళ్ళేసరికి ఆ ఫినాయిలు మాటున ఇంకో వాసన తగిలింది. విరిగిన పాల వాసన.

గోడకు బోర్డు ఉంది. నాకు అక్షరాలు నేర్పింది పిచ్చుకే, అది బడికి పోయే రోజుల్లో, దాని పలక మీదే. అందుకని ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. యం... త్రా... లు... ము... ట్ట... రా... దు.

"చదువు అయిందా ముసలమ్మా? అయితే కూర్చో," అంది నర్సు. మాటను సగానికి కత్తిరించి పారేసే మనిషి. మనసులోనే ఆవిడకు కత్తెరమ్మ అని పేరు పెట్టేశాను.

పిచ్చుక భయం చూసి కాబోలు, కత్తెరమ్మ అన్నీ వరసగా చెప్పింది. ముందు లోపల జెల్ పెడతారు. అది గర్భసంచి నోటిని మెత్తబరుస్తుంది. పెట్టగానే ఏమీ అవదు. కాసేపు కదలకుండా పడుకోవాలి, తరువాత లేచి తిరగొచ్చు. కొందరికి ఆ పూటే మొదలవుతుంది, కొందరికి ఇంకోసారి పెట్టాలి. నోరు తెరుచుకున్నాక నీళ్ళ సంచి పగలగొడతారు. అప్పటికీ జోరందుకోకపోతే సెలైన్‌లో మందు ఎక్కిస్తారు.

"ఆ నొప్పులు మామూలు నొప్పుల్లా ఉండవు. వెంటవెంటనే తోసుకొస్తాయి. గిలగిల్లాడిపోతావు. అరవాలంటే అరువు, మంచం మాత్రం దిగకు. బిడ్డ గుండెను చూస్తూ ఉండాలి, అందుకే ఈ బెల్టులు."

పొట్ట మీద బెల్టులు బిగించి యంత్రం ఆన్ చేసింది. గుబుగుబు గుబుగుబు మని వినబడింది. చిన్న చేతులతో ఎవరో తడిబట్ట ఉతుకుతున్నట్టు... నాకు కళ్ళు చెమర్చాయి. ఇంతలో కత్తెరమ్మ ఒక మీటను కిందికంటా తిప్పేసింది. చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో, విననీయమ్మా కాసేపు."

"అక్కర్లేదు. కాగితం మీద గీత వస్తుంది, నేను చూసుకుంటాను. ఈ మీట ఎవరూ తిప్పకూడదు."

"మిగతా మంచాల దగ్గర వినిపిస్తోందిగా?"

"ఇది మిగతా మంచం కాదు," అంది. పక్క పరదాను ఇంకా దగ్గరికి లాగింది. లాగేటప్పుడు మొహం అటు తిప్పలేదు.

జెల్ పెట్టి వెళ్ళారు. పిచ్చుకకు కునుకు పట్టింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు పరదా అవతలి నుంచి, చాలా మెల్లగా...

"పెద్దమ్మా... మీకూ తెప్పిస్తున్నారా?"

వయసులో ఉన్న పిల్ల గొంతే. పలకరిస్తే పలక్కుండా ఎలా ఉంటాం?

"అవునమ్మా. నీకూనా?"

"ఊఁ. పెట్టారు. వస్తుంది, ఓపిక పట్టు అన్నారు."

"ఎప్పుడు పెట్టారు తల్లీ?"

"అప్పుడు ఈ కిటికీలకు రంగు లేదు," అంది.

నీ తోడు ఎవరూ లేరా అని అడిగాను. "ఉండేవాళ్ళు. టీ తాగి వస్తామని వెళ్ళారు," అంది. నవ్విందో, పళ్ళు నూరిందో. ఇనుప మంచం కిర్రుమంది.

మధ్యాహ్నానికి పిచ్చుకకు నడుము నొప్పి మొదలైంది. నీళ్ళ సంచి పగలగొట్టారు, సెలైన్ పెట్టారు. ఇక చూడాలి... కత్తెరమ్మ చెప్పింది తక్కువే. ఒకటి పోకముందే ఇంకొకటి. నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

"పోవే అమ్మమ్మా, అవతలికి పో! తాకకు నన్ను!"

"సరే, పోతాను."

"ఎక్కడికి పోతావు? ఇక్కడే ఉండు!"

అలాగే తిట్టించుకుంటూ మొహం తుడుస్తున్నాను. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య అది నా చెవి దగ్గరికి వచ్చింది. "ఆ పక్కనావిడను అటు తిరగమను," అని గుసగుసలాడింది. "పరదా సందులోంచి చూస్తోంది. మందు పెట్టినప్పటి నుంచీ చూస్తోంది. నన్ను కాదు... నా పొట్టను."

సందు వైపు చూశాను. ఏమీ లేదు. నల్లటి గీత లాంటి చీకటి, అంతే.

పిచ్చుక మళ్ళీ కళ్ళు మూసుకుంది. అప్పుడే ఆ గొంతు వినిపించింది. ఈసారి పరదాకు ఆనుకుని ఉంది. బట్ట ఊపిరితో కదిలింది.

"పెద్దమ్మా... నా దాంట్లో ఏమీ వినిపించడం లేదు. పొద్దున్నుంచీ చెవి పెట్టి చూస్తున్నాను. భయంగా ఉంది. మీ బిడ్డ చప్పుడు కాస్త వినిపించరా? ఒక్కసారి. నాకూ ధైర్యం వస్తుంది."

కడుపుతో ఉన్న పిల్ల అలా అడిగితే కాదనేవాళ్ళు ఉంటారా? కత్తెరమ్మ అవతలి మంచం దగ్గర ఉంది. కొంచెమే, చాలా కొంచెమే మీట తిప్పాను.

గుబుగుబు గుబుగుబు.

"ఇంకొంచెం."

తిప్పాను.

"ఆఁ... వస్తోంది... ఇటు వస్తోంది..."

చప్పుడు చిన్నదైంది. మీట తగ్గిందేమోనని పెంచాను. ఇంకా చిన్నదైంది. పూర్తిగా తిప్పేశాను. యంత్రంలోంచి సముద్రపు హోరు లాంటిది తప్ప ఏమీ రావడం లేదు. కాగితం మీద గీత జారి జారి... కిందికి పోయి పడుకుంది.

పరదా అవతల మాత్రం గట్టిగా, హుషారుగా... గుబుగుబు గుబుగుబు. అది యంత్రంలోంచి వచ్చే చప్పుడులా లేదు.

"అమ్మమ్మా, కదలడం లేదు," అంది పిచ్చుక. అరవలేదు. చాలా మెల్లగా అంది. "అమ్మమ్మా, లోపల కదలడం లేదు."

నేను పెట్టిన కేకకు కత్తెరమ్మ పరుగెత్తుకొచ్చింది. సెలైన్ ఆపింది, పిచ్చుకను పక్కకు తిప్పింది, మొహానికి ఆక్సిజన్ పెట్టింది. బెల్టు ఇటు జరిపింది, అటు జరిపింది. ఎక్కడా లేదు. డాక్టరమ్మ వచ్చి పొట్ట మీద చెయ్యి నొక్కిపట్టి నిలబడింది. కత్తెరమ్మ కళ్ళు మీట మీద పడ్డాయి. నా భుజం పట్టుకుని గోడకు నెట్టింది.

"దానికి వినిపించావా?"

"అడిగిందమ్మా... భయంగా ఉందంటే..."

"ఈ మంచం దగ్గర చప్పుడు ఎందుకు చంపేస్తామనుకున్నావ్? మా సరదాకా?" పరదా వైపు వేలు చూపింది. "పో. లోపలికి పో. ఇచ్చినవాళ్ళు అడిగితేనే ఇస్తుంది. నేను అడిగితే ఇవ్వదు. ఇంతకుముందు అడిగాను."

పరదా పట్టుకున్నాను. తడిగా ఉంది. తీశాను.

పరుపు లేదు. ఒట్టి ఇనుప చువ్వల మంచం. దాని మీద కూర్చుని ఉంది. ఆస్పత్రి గౌనే, ఏ రంగో చెప్పలేనంత వెలిసిపోయింది. స్టాండుకు సీసా వేలాడుతోంది, లోపల దుమ్ము. గౌను అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేల తడవడం లేదు. నిండు పొట్ట మీద రెండు చేతులూ వేసి నిమురుకుంటోంది. చప్పుడు అక్కడి నుంచే... ఆ చేతుల కింది నుంచే.

"చూశారా పెద్దమ్మా. వస్తుందన్నారు. వచ్చింది."

"అది మా పిచ్చుకది తల్లీ. ఇచ్చెయ్యి."

"మీరే ఇచ్చారుగా."

"వినడానికి ఇచ్చాను. ఉంచుకోవడానికి కాదు."

తల ఎత్తింది. మొహం మామూలుగానే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఏ వీధిలోనైనా కనిపించే పిల్ల. కళ్ళలో మాత్రం పగ. నా మీద కాదు. ప్రాణంతో ఉన్న ప్రతిదాని మీదా.

"నేనూ అలాగే అడిగాను. నాదేది, నాదేది అని. వచ్చినవాళ్ళందరినీ అడిగాను. ఓపిక పట్టు అన్నారు. పట్టాను. ఇంకెంత పట్టాలి?"

వెనక డాక్టరమ్మ గొంతు. "థియేటర్‌కి పదండి, ఇక్కడేం చేయలేం! త్వరగా!" పిచ్చుక నన్ను పిలుస్తోంది. పరదా వెనక నుంచి చెయ్యి చాపి వెతుకుతోంది.

"మొక్కుతాను. నన్ను తీసుకో. ఆ పసిగుడ్డును వదిలెయ్."

"మీరెందుకు పెద్దమ్మా నాకు?" ఈసడింపుగా చూసింది. మళ్ళీ పొట్ట వైపు తల వంచింది. గొంతు మెత్తబడింది. "మావాడు లోపలే ఉన్నాడు. చల్లగా ఉన్నాడు. బయటికి తెచ్చేవాళ్ళు లేరు. మీది మీకిచ్చేస్తాను. ఊరికే ఎలా ఇస్తాను? వాణ్ణి వెంట పంపిస్తాను. సరేనా?"

మంచం చక్రాలు కదిలిన చప్పుడు... పిచ్చుక ఏడుపు...

"సరే," అన్నాను.

"గట్టిగా అనండి. వాడు వినాలి."

"సరే!"

పరదా నా చేతిలోంచి దానంతటదే జారి మూసుకుంది.

వెనక్కి తిరిగేసరికి డాక్టరమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపింది. యంత్రంలో చప్పుడు. గుబుగుబు గుబుగుబు. గీత లేచి పరుగెత్తుతోంది. "బెల్టు జారినట్టుంది. హడలగొట్టేశారు," అని విసుక్కుంది. ఆ చప్పుడు వెనక ఇంకొకటి నాకు వినిపించింది. నెమ్మదిగా, బరువుగా... తలుపును అరచేత్తో తట్టినట్టు... ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

కత్తెరమ్మ కూడా విన్నది. "ఏం అడిగింది?" అంది పెదవులు కదపకుండా. చెప్పాను. "నువ్వేమన్నావ్?" చెప్పాను. మీటను కిందికంటా తిప్పేసింది.

ఆ సాయంత్రమే పాప పుట్టింది. కోత కూడా పడలేదు. పుట్టగానే గది అదిరేలా ఏడ్చింది. పిచ్చుక నా మెడ పట్టుకుని, "అమ్మమ్మా, ఉంది... ఉంది..." అని మళ్ళీ మళ్ళీ అంది. పిల్లల డాక్టరు గొట్టం పెట్టి పాప గుండె విన్నాడు. కుడివైపు పెట్టి విన్నాడు. వీపు మీద పెట్టి విన్నాడు. గొట్టం చెవుల్లోంచి తీసి, దులిపి, మళ్ళీ విన్నాడు. చివరికి, "బాగానే ఉంది," అన్నాడు. మా వైపు చూడకుండా అన్నాడు.

తల్లీబిడ్డలను ఇంకో వార్డుకు మార్చమన్నారు. పిచ్చుకను మంచంతోనే తోసుకెళ్ళారు. పాపను బట్టలో చుట్టి కత్తెరమ్మ నా చేతుల్లో పెట్టింది. పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది.

ఎర్రగా, ముద్దుగా ఉంది. నిద్రపోతోంది. నా చేతికి ఒక పక్క వెచ్చగా తగులుతోంది. రెండో పక్క మాత్రం... రాతి గచ్చు మీద చెయ్యి పెట్టినట్టు. బట్ట సరిగ్గా చుట్టలేదేమోనని తడిమి చూశాను. బాగానే చుట్టింది.

పరదా పక్కగా నడవాలి, వేరే దారి లేదు. గుండెలకు హత్తుకుని, అటు చూడకుండా నడిచాను. పాల వాసన ఇప్పుడు లేదు. పోయిందనుకున్నాను. అది నా చేతుల్లోని బట్టలోంచి వస్తోంది. పరదా కదిలింది. ఆ గొంతు నా చెవి పక్కనే వినిపించింది. అందులో పగ లేదు. బిడ్డను ఊరికి పంపేటప్పుడు ఏ తల్లి అయినా అప్పగింతలు చెప్పినట్టే చెప్పింది.

"పెద్దమ్మా... మీ పాప ఏడ్చినప్పుడు పాలు పట్టండి. తను ఊరుకున్నాక మళ్ళీ పట్టండి. మావాడికి ఏడవడం రాదు."