నేను బొటనవేలు పెట్టను

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే మా రొయ్యల ఫ్యాక్టరీ. ఒలిచి, కడిగి, గడ్డకట్టించి ఓడలెక్కిస్తాం. కోల్డ్ స్టోరేజీ నా చేతికింద. పేరు స్వర్ణ. నాకు నోరెక్కువని మేనేజరు సుశీల్ కుమార్ అందరికీ చెప్తుంటాడు. ఎక్కువే, ఏం చేస్తాం.

సాయంత్రం ఆ పెద్ద తలుపు మూసేముందు పూర్వం ఒక పద్ధతుండేది. ఇనప కడ్డీతో మూడుసార్లు కొట్టి "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని కేకేసేవాళ్ళు. "ఇదేమన్నా సంతా? వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టండి చాలు" అని మేనేజరు మాన్పించినాడు.

ఆ గ్రూపు గురించి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుద్ది. జపాను వాళ్ళకు ప్రతి పెట్టెకూ ఫోటో కావాల. స్పెయిను వాళ్ళు మనం అన్నానికి కూర్చోగానే మొదలుపెడతారు. అమెరికా వాళ్ళు మనం నిద్రలో ఉండగా అడిగి, లేచేసరికి జవాబేదంటారు. చెన్నై ఆఫీసు అదంతా తెచ్చి మా నెత్తిన కుమ్మరిస్తుంది. చదివే తీరికెవరికి? అట్టాగని పెద్దోళ్ళు పెట్టినదానికి బదులివ్వకపోతే మర్యాద తప్పినట్టు. అందుకని మావాళ్ళు చదవకుండానే బొటనవేలు బొమ్మ నొక్కేస్తారు. నేను మాత్రం ఏనాడూ నొక్కలా. రొయ్యలు ఒలిచే రోజుల్లో కత్తి దిగి నా బొటనవేలికి అడ్డంగా గీటు పడింది. కష్టపడిన వేలు, దాంతో అబద్ధమాడించను.

నేను కోల్డ్ స్టోరేజీకి రాకముందు ఓబయ్య అని ఒక లోడింగ్ మనిషి ఉండేవాడు. లోపలి గొళ్ళెం పాడైందని గ్రూపులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చదవలా. ఒకరోజు ఆయన లోపలుండగానే తలుపు మూసేసినారు. "లోపలున్నా. తలుపు తీయండి" అని మెసేజ్ పెట్టినాడు. దానికింద వరసగా బొటనవేళ్ళు పడినాయి. తెల్లారి తీసేసరికి మనిషి ప్రాణంతో లేడు. "నేను కూడా నొక్కినా స్వర్ణా" అని ప్యాకింగులో పనిచేసే డెబోరా అక్క నా దగ్గర ఏడ్చింది.

పోయిన నెల్లో ఒకరోజు ముసురు పట్టింది. పొద్దుగూకుతుండగా తలుపు మూయించి, గ్రూపులో ఆ ముక్క పెట్టినా. చుట్టూ అమ్మోనియా ఘాటు, తడి రొయ్యల నీచు వాసన. కంప్రెసర్లు హోరుమంటున్నాయి. డెబోరా అక్క చెప్పులేసుకుంటా ఉంది.

ఫోను మోగింది.

"లోపలున్నా. తలుపు తీయండి."

పంపింది... ఓబయ్య నంబరు.

నేను చూస్తుండగానే దానికింద ఒక బొటనవేలు పడింది. ఇంకొకటి... ఇంకొకటి... పక్కనున్న అక్క కూడా అలవాటుగా వేలు చాపింది. ఆ చెయ్యి పట్టుకున్నా.

"చదువక్కా" అని గుసగుసగా అన్నా.

చదివింది. మెడలో సిలువ పట్టుకుంది. "ఆ ఫోను ఆయనతో పాటే పూడ్చినారు గదమ్మా..."

మేనేజరుకు చూపించినా. "ఎవడో ఆకతాయి పని. ఇప్పుడు తలుపు తీస్తే లోపలి చలి లెక్క మారుద్ది, ఆ లెక్క నేరుగా జపాను వాళ్ళకు పోతుంది. నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు.

నాకు భయమేసింది. అంతకుమించి కోపమొచ్చింది.

"పోతే పోనీండి సార్. ఇంకో మనిషిని మాత్రం పోనీను."

మూలనున్న కడ్డీ తీసినా. మూడుసార్లు కొట్టినా.

"లోపల ఎవరన్నా ఉన్నారా?"

కంప్రెసర్ల హోరు...

తర్వాత తట్టిన చప్పుడు. లోపల్నించి. మెల్లగా... మూడుసార్లు.

మేనేజరు వెనక్కి జరిగినాడు. నేను, డెబోరా అక్క కలిసి తలుపు లాగినాం. తెల్లటి పొగ మీదికొచ్చింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. లోపల ఆ చివర, పెట్టెల వెనకాల, మా లోడింగ్ మేస్త్రి బెన్హర్ పడున్నాడు. కాలు జారి తలకు దెబ్బ తగిలింది. ఊపిరుంది. ఆయన ఫోను బయట అల్మారాలోనే ఉంది.

కంబళ్ళు కప్పి, వేడి టీ తాపించినాక అడిగినా. "తట్టింది నువ్వేనా అన్నా?"

"నాకు చెయ్యే లేవలా స్వర్ణా" అన్నాడు. "ఎవరో వెనకాల కూర్చుని వీపు రుద్దుతానే ఉన్నారు. నువ్వు కేకేసినాక లేచి తలుపు దగ్గరికి పోయినారు."

ఆ పొద్దే నేను గ్రూపులోంచి బయటికొచ్చేసినా. మేనేజరు నన్ను పంపించేస్తానన్నాడు. డెబోరా అక్క, ప్యాకింగు ఆడోళ్ళంతా చేతితొడుగులు ఆయన బల్లమీద పడేసి నా వెనక నిలబడినారు. ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. గొళ్ళెం కూడా బాగుచేయించినాడు.

ఇప్పుడు రోజూ కడ్డీతో కొట్టి కేకేస్తా. అందరూ బయటే ఉంటారు, పేరుపేరునా పిలిచి చూసుకుంటా. అయినా లోపల్నించి ఎవరో తడతారు. తట్టినప్పుడల్లా తీస్తా. ఎవరూ ఉండరు. తలుపు లోపలి మంచు మీద మాత్రం బొటనవేలి గుర్తు ఒకటి తడిగా ఉంటుంది. అది ఓబయ్యదే అనుకుంటా. దానికిప్పుడు నేను భయపడను.

నిన్న దాని పక్కన ఇంకొకటి పడింది. దానికి అడ్డంగా గీటుంది. నా వేలు పక్కన పెట్టి చూసుకున్నా...

ఆ తలుపును లోపలివైపు నేనెన్నడూ ముట్టుకోలా.

సరే, కానీ. రేపు కూడా కడ్డీ తీసి కొడతా. ఎవరు తట్టినా, అది నేనే అయినా, తలుపు తీస్తా.