గాలివాన ఏటి ముడులు

మధ్యాహ్నం అన్నాల గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది. ప్రేమమ్మ టీచర్ నా చార్టుని గోడకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి చూశారు.

“ఎంత బాగా గీశావే పోలమ్మా! మెట్లు దిగినట్టుంది,” అన్నారు.

నేను ఉబ్బిపోయాను. అది 1985. వాడరేవు బడిలో నేను అయిదో తరగతి. శనివారం మా బడిలో ఎగ్జిబిషన్. సగంమంది అగ్నిపర్వతాలు చేస్తున్నారు. నా స్నేహితుడు సుభానీ అగ్గిపెట్టెలతో టెలిఫోను చేస్తున్నాడు. నాకు మాత్రం టీచర్ వేరే పని ఇచ్చారు. ‘మన ఊళ్లో చేపలు తగ్గుతున్నాయా?’ అని పెద్దవాళ్లని అడిగి, ఏడాదికి ఒక గీత చొప్పున చార్టు గీయాలి.

అడగడం దేనికి? టీకొట్టు దగ్గర ఎవర్ని కదిపినా అదే మాట. “ఆ రోజులే వేరు. ఇప్పుడేం చేపలు, దోసెడు నెత్తళ్లు!” అంటారు. అందుకని నేను ఎవర్నీ అడగలేదు. పద్నాలుగు గళ్ల పెద్ద గీతతో మొదలుపెట్టి, ఒక్కో గడి తగ్గించుకుంటూ పది గీతలు గీసేశాను. ఎర్ర రంగు కూడా వేశాను. పావుగంటలో అయిపోయింది.

“ఈ లెక్కలు ఎవరు చెప్పారు?” టీచర్ అడిగారు.

“మా తాత తాడు టీచర్,” అని టక్కున అనేశాను.

అబద్ధానికి ఆ తాడు ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పటికీ తెలియదు. కానీ తాడు ఉన్నమాట నిజం.

మా తాత పేరు పేరయ్య. ఆయనకి చదువు రాదు. నేను పుట్టిన ఏడు, పాత నూలు వలలోంచి ఒక పురికొస తీసి దాచుకున్నాడు. కార్తీకమాసంలో మా వాళ్లంతా కలిసి ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్లు. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో చుట్టూ తిరిగి రెండో కొస తెచ్చేవాళ్లు. ఆ తర్వాత ముప్ఫై మంది రెండు వైపులా నిలబడి లాగాలి. అలా లాగిన రోజు పది గంపలో, అంతకు మించో చేప పడితే తాత తన పురికొసకి ఒక ముడి వేసేవాడు. తొమ్మిది పడితే వేసేవాడు కాదు. నెల అయిపోగానే ఒక గుడ్డపీలిక కట్టేవాడు. అక్కడితో ఆ ఏడు పూర్తయినట్టు. ఎప్పుడైనా ఆ తాడు తీసి వేళ్లతో తడుముకుంటూ పోతే, ఒకచోట మాత్రం కాసేపు ఆగేవాడు.

ఆ నెలంతా మాకు పండగే. పిల్లలం కూడా వల తాడు పట్టుకుని లాగేవాళ్లం. మేం లాగితే వల ఎంత కదిలేదో ఆ దేవుడికే తెలియాలి. అయినా పెద్దవాళ్లు మా గౌన్లలో దోసెడు కవళ్ల చేపలు పోసేవాళ్లు. మిగిలిన చేప ఇసకలో ఎండి, బస్తాల్లో, ఎడ్లబళ్ల మీద వినుకొండ దాకా పోయేది. మిరపకోతల కాలంలో అక్కడ ఎండుచేపకి భలే గిరాకీ. ఆ బళ్లు తిరిగొచ్చేటప్పుడు మిరపకాయలు తెచ్చేవి. ఊరంతా ఒకటే తుమ్ములు. ఆ ఘాటు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముక్కు దురద పెడుతుంది.

టీచర్ కళ్లు మెరిశాయి. “అయితే శనివారం ఆ తాడు తీసుకురా. మీ తాతనీ తీసుకురా. ఆయనే అందరికీ చెబుతారు.”

నేను సరేనని తలూపాను.

బడి వదలగానే ఇంటికి పరుగెత్తాను. తాత అరుగు మీద కునుకు తీస్తున్నాడు. కొయ్యకి వేలాడుతున్న తాడు తీసుకుని, పెరట్లో బోర్లించిన పడవ చాటుకి పోయి లెక్కపెట్టాను.

మొదటి ఏడు పద్నాలుగు ముడులు. నా చార్టులోనూ పద్నాలుగే! ‘అమ్మయ్య’ అనుకున్నాను. రెండో ఏడు పన్నెండు. ఫరవాలేదు. మూడో ఏడు ఒక్క ముడీ లేదు. రెండు పీలికల మధ్య జానెడు తాడు ఉత్తగా ఉంది. అయిదో ఏడు చూస్తే ఏకంగా పదిహేడు. ఆ తర్వాతవి కాస్త అటూ ఇటూగా నా గీతల దగ్గరలోనే ఉన్నాయి. ఆఖరి ఏడు అయిదు.

ఈ తాడు చూస్తే నా మెట్లు నిలబడవు. టీచర్ మళ్లీ చార్టు గీయమంటారు. అబద్ధం బయటపడుతుంది.

‘మూడో ఏడు తాత కట్టడం మర్చిపోయి ఉంటాడు’ అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఉత్త చోట పన్నెండు ముడులు వేశాను. అయిదో ఏటివి ఏడు ముడులు మేకుతో లాగి విప్పాను. ఉప్పునీళ్లకి బిగిసిపోయిన ముడులవి. రెండు గోళ్లు విరిగాయి. తాడుని మళ్లీ కొయ్యకి తగిలించి, ఏమీ ఎరగనట్టు మంచినీళ్లు తాగాను.

శనివారం తాత ఉతికిన పంచె కట్టుకుని, తల దువ్వుకుని బడికొచ్చాడు. ఆయన బడిలో అడుగుపెట్టడం అదే మొదటిసారట. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. టీచర్ కుర్చీ వేస్తే అంచున కూచున్నాడు. ఊళ్లోవాళ్లంతా చుట్టూ చేరారు. తాత కళ్లు మూసుకుని తాడు మొదటి ముడి పట్టుకున్నాడు.

“ఇదిగో, ఇది మా పోలమ్మ పుట్టిన రోజు. పద్దెనిమిది గంపలు పడినయ్యి. సావడ చేపలు ఎండకి వెండి పట్టీల్లాగా మెరిసినయ్యి. ఇది మా చిన్నకొడుకు మొదటిసారి పడవెక్కిన రోజు. ఇదేమో వలలో తాబేలు పడితే మళ్లీ వదిలేసిన రోజు.”

ఒక్కొక్క ముడికి ఒక్కొక్క కబురు. అగ్నిపర్వతాల దగ్గరి పిల్లలు కూడా ఇటొచ్చేశారు. నేను మాత్రం ఆయన వేళ్లనే చూస్తున్నాను. తాత వేళ్లు రెండో పీలిక దాటాయి. అక్కడ ఆగిపోయాయి.

మళ్లీ వెనక్కి వచ్చి తడిమాడు. మళ్లీ ఆగాడు.

“ఏందిది? ఇక్కడ ఉత్త తాడు ఉండాల గదా...”

“అది గాలివాన ఏడు కాదా పేరయ్యా?” అన్నాడు గుంపులోంచి ఒక పెద్దాయన. “పడవలే కొట్టుకుపోయినయ్యి. ఆ కార్తీకంలో వల ఎవరేశారు?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. “ముసలాయన లెక్క ఇంతే. ఇన్నాళ్లూ ఊరంతా ఈ తాడే నమ్మింది!”

తాత కళ్లు తెరిచాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

“ముసలోణ్ణయిపోయాను టీచరమ్మా,” అన్నాడు మెల్లగా. “మతి జారిపోయింది. ఈ తాడు లెక్కలోకి తీసుకోబాకండి.”

ఎప్పుడూ ఎంతో ఒద్దికగా చుట్టే తాడుని ఉండలా నలిపి జేబులో కుక్కుకున్నాడు. చెప్పుల కోసం లేచాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. నా మీదికేమీ రాదు. మతి జారిందని ఆయనే ఒప్పుకున్నాడు. కానీ రేపటినుంచి మా తాత ఏం చెప్పినా ఊరు అలాగే నవ్వుతుంది. పదేళ్ల పాటు ఒక్క గంప తేడా వచ్చినా ముడి వెయ్యని మనిషిని చూసి నవ్వుతుంది.

“ఆ ముడులు తాత వెయ్యలేదు టీచర్!” నా గొంతు కీచుమంది. “నేను వేశాను. ముందు చార్టు గీసేశాను. తాడు దానికి సరిపోలేదని మొన్న ముడులు వేశాను. కొన్ని విప్పాను. తాతకి మతి బాగానే ఉంది.”

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. టీచర్ నన్ను తిట్టలేదు. గోడకున్న చార్టు ఊడదీసి, తిరగేసి, బల్ల మీద పరిచారు.

“వెనకాల ఖాళీగానే ఉంది,” అన్నారు నా చేతికి స్కేలు ఇస్తూ. “పేరయ్యగారూ, కూచోండి. మీరు చెప్పండి, ఇది గీస్తుంది.”

తాత చెప్పాడు. విప్పేసిన ఏడు ముడులూ తాడు చూడకుండానే చెప్పాడు. ఈసారి గీతలు మెట్లలా రాలేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి. మూడో గీత అసలు లేదు. మొదటి చార్టు అంత అందంగా లేదు కానీ, జనం దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డారు.

“ఇంతకీ తగ్గుతున్నాయంటారా?” టీచర్ అడిగారు.

“తగ్గినయ్యి టీచరమ్మా. మరబోట్లొచ్చినాక ఒడ్డు దాకా వచ్చే చేప తగ్గింది. కానీ మజ్జెలో పదిహేడు ముడుల ఏడు కూడా ఉంది గదా. దాన్ని లేదనగూడదు.”

సాయంత్రం ఇద్దరం ఇసకలో నడుస్తూ ఇంటికొస్తున్నాం. నేనే అన్నాను, “నీకు మతి పోయిందని భయపడ్డావా తాతా?”

“ఎందుకు పోద్దే? నా ముడి నాకు తెలవదా? నువ్వేసినయ్యి రిబ్బను ముడులు. చెయ్యి తగలంగానే తెలిసింది.”

“మరి చెప్పలేదే!”

“పదిమందిలో నీ పేరెట్టా చెప్పనే?”

నాకు మళ్లీ ఏడుపొచ్చింది. తాత పడవ పక్కన కూచుని తాడు తీశాడు. ఉత్తగా ఉండాల్సిన ఆ జానెడు మేర వేలితో చూపించాడు.

“ఇది మీ నాయనమ్మది,” అన్నాడు.

నాయనమ్మ గాలివానలో పోయిందని నాకు తెలుసు. అప్పటికి నాకు రెండేళ్లు. కానీ తాడు మీద ఆ ఏడు ఇదేనని అప్పటిదాకా తట్టలేదు. తాడు తడుముతూ తాత ఇక్కడికొచ్చేసరికి ఎందుకు ఆగేవాడో అప్పుడర్థమైంది. పన్నెండు ముడులూ ఒక్కొక్కటే విప్పాను. విరిగిన గోళ్లు మండాయి. తాత నాకు వల ముడి వెయ్యడం నేర్పాడు. చీకటి పడేలోపు ఏడు ముడులూ తిరిగి వేశాను. మొదటి రెండూ వంకరగా వచ్చాయి. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

పది రోజులకి కార్తీకం వచ్చింది. తాత తాడు తెచ్చి నా మెడలో వేశాడు. “ఈ ఏడు నువ్వు చూడు. నా చేతులు వణుకుతున్నయ్యి,” అన్నాడు. ఆ మనిషి ముందురోజే వల బాగుచేశాడు, చేతులు ఏ మాత్రం వణకలేదు.

పౌర్ణమి నాటికి మూడే ముడులయ్యాయి. ఆ రోజు వల బరువుగా వచ్చింది. సుభానీ, నేను గంపల వెంట పరుగులు తీశాం. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదో గంప సగం దగ్గర ఆగింది. వల దులిపి చూశారు. ఇంకేం లేవు.

“వేసెయ్యవే,” అన్నాడు సుభానీ. “సగమేగా! నాలుగో ముడి అయిపోద్ది.”

వల లాగినవాళ్లు కూడా నవ్వుతూ, “ఏసెయ్యమ్మాయ్, ఎవరు చూడొచ్చారు?” అన్నారు. నాకూ వెయ్యాలనే ఉంది. తాడు వేళ్ల మధ్య అలా పట్టుకుని నిలబడ్డాను. తర్వాత చుట్ట చుట్టి ఇంటికి నడిచాను.

తాత అరుగు మీద ఎదురుచూస్తున్నాడు.

“ఎన్నే?”

“తొమ్మిదిన్నర తాతా. ముడి వెయ్యలేదు,” అంటూ తాడు చాపాను.

తాత తాడు అందుకోలేదు. పక్కకి జరిగి, అరుగు మీద నాకు చోటిచ్చాడు.