జారిపోయిన స్వరం

సోమవారం గనక, ఊరి ఆనవాయితీ ప్రకారం ఒడీల్ పొద్దున్నే పొయ్యి మీద ఎర్ర బీన్సు పెట్టి, బట్టలు నానబెట్టింది. వండితే తినే నోరేది? ఆమె భర్త అల్సీడ్ కొన్నాళ్లుగా పులుసునీళ్లు తప్ప మింగలేకపోతున్నాడు. ముందుపళ్లకు చీము పట్టింది. జ్వరం దిగడం లేదు. ఆ విషం గుండెకెక్కుతోందని, వెంటనే పళ్లు పీకించమని డాక్టరు చెప్పేశాడు.

ససేమిరా అన్నాడు అల్సీడ్. ట్రంపెట్ ఊదేవాడి పెదవి ఆనేది ఆ పళ్ల మీదే. కట్టుడుపళ్లతో ఊదబోయి నవ్వులపాలైనవాళ్లను న్యూ ఆర్లీన్స్‌లో వీధికొకణ్ణి చూపిస్తాడు. పైగా పాతకాలపు జాజ్ వాయిద్యగాళ్లను వెతుక్కుంటూ ఉత్తరాది రికార్డు కంపెనీ ఒకటి వస్తోంది. శుక్రవారమే రికార్డింగు.

అతని పేరు మీద ఉన్నది ఒక్కటే రికార్డు, కూతురు పుట్టిన రోజున చేసింది. అందులో చివరి పైస్వరం జారిపోయింది. అప్పట్లో ఊదింది ఊదినట్టే మైనపు పలక మీదకెక్కేది. మళ్లీ ఊదుదామంటే ఇంకో పలక లేదు. ఆ రికార్డు ఇంట్లో వినబడకూడదని ఆనాడే శాసించాడు. ఆ తప్పు దిద్దుకున్నాకే చస్తానంటాడు. ఒడీల్ బతిమాలింది, ఏడ్చింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఇక చేతకాక కూతురు జూలియెన్‌ను పిలిపించింది.

కూతురు వాదించబోతే అల్సీడ్ ట్రంపెట్ తీసి నోటికి ఆనించాడు. ఊపిరి వచ్చింది, స్వరం రాలేదు. గడ్డం మీదుగా నెత్తురు కారింది.

"శుక్రవారానికి సర్దుకుంటుందిలే," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"శుక్రవారం దాకా నువ్వుంటావా నాన్నా?"

"పోతే పోతాను. ఆ దిక్కుమాలిన స్వరం నా పేరు మీద మిగలాలా?"

జూలియెన్ వెళ్లి అమ్మ దుప్పట్ల పెట్టె అడుగునుంచి ఆ రికార్డు తీసి గ్రామఫోను మీద పెట్టింది. ఆపమని అతను చెయ్యెత్తాడు గానీ లేవడానికి ఓపిక లేకపోయింది.

"ప్రతి పుట్టినరోజుకీ నువ్వటు వెళ్లగానే అమ్మ నాకిది వినిపించేది. నేనా జారే చోటు కోసమే కాచుకునేదాన్ని. పుట్టిన నన్ను చూసి రికార్డింగుకు పరిగెత్తుకెళ్లి, ఆయాసం తీరకుండానే ఊదావట కదా. అక్కడ జారకపోతే ఇది నా పాట అయ్యేదే కాదు నాన్నా."

అల్సీడ్ భార్య వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ విన్నారా?"

"నువ్వు వద్దన్నవన్నీ మానుకుంటే ఈ ఇంట్లో బతికేదాన్నా?" అంది ఒడీల్, కళ్లు తుడుచుకుంటూ.

అతను చివరిదాకా విన్నాడు. ట్రంపెట్‌ను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు. "పదండి," అన్నాడు.

సాయంత్రం నోటి నిండా దూదితో తిరిగొచ్చాడు. రికార్డు పెట్టమని తనే సైగ చేసి, కూతురి చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. పాటతోపాటు అతని మూడు వేళ్లూ ఆమె ముంజేతి మీద ట్రంపెట్ మీటలు నొక్కాయి. చివర్లో స్వరం ఎప్పటిలాగే జారింది. ఆ వేళ్లు మాత్రం జారకుండా నొక్కి పట్టుకుని అక్కడే ఉండిపోయాయి. ఇక ఎన్నటికీ ఊదలేడని ముగ్గురికీ తెలుసు. జూలియెన్ కన్నీళ్లు తుడుచుకోవడానికైనా చెయ్యి తీసుకోలేదు.

ఇంకోసారి పెట్టమని అతను ఒడీల్‌కు కళ్లతోనే చెప్పాడు.