కొవ్వొత్తికి మరువం

చిలకలగూడలో లీలాకుమారి ఇంట్లో పొద్దున లేస్తే టీ కన్నా ముందు మైనం పొయ్యెక్కుతుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో చిన్న గిన్నె, అందులో మైనం. చర్చికి తెల్ల కొవ్వొత్తులు, క్రిస్మస్‌కు ఎర్రవి, కిరాణా కొట్లకు సన్నవి, అన్నీ ఆ వెనక వరండాలో పోసినవే. భర్త పోయాక కొడుకు ఆశీష్‌ను చదివించి మనిషిని చేసింది కూడా ఆ వరండానే.

ఇప్పుడా ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు. అత్తా కోడలూ. ఇద్దరినీ కలిపిన మనిషి నిరుడు వానాకాలంలో డెంగీ జ్వరం తగిలి వారం తిరక్కుండానే పోయాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత కట్టారు సరే, మధ్యలో కొడుకే లేకపోతే ఆ ఇద్దరి గతేమిటో ఆ కట్టినవాళ్ళకు తోచినట్టు లేదు.

కోడలు దేవకృపది యాప్రాల్. వాళ్ళ నాన్న గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఆఫీసు ఉద్యోగంలో స్థిరపడ్డాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆ పిల్ల అత్తగారి వ్యాపారానికి కొత్త దారి వేసింది. గాజు గ్లాసుల్లో సువాసన కొవ్వొత్తులు. దానికి అమెరికా నుంచి సోయా మైనం, చైనా నుంచి వత్తులు, ఫ్రాన్సు నుంచి లావెండరు నూనె.

"మన దగ్గర మైనం లేదా ఏందీ? ఓడెక్కి రావాల్నా?" అని లీలాకుమారి దెప్పితే, "నువ్వు నీ పెండ్లికి ఆటోల వచ్చినవ్, మైనం ఓడల వస్తుంది. దాని నసీబు అది, నువ్వెందుకు పరేషాన్ అవుతవ్?" అని ఆశీష్ నవ్వించేవాడు. ఆ నవ్వు పోయింది. ఓడలెక్కి వచ్చే మైనం మాత్రం వస్తూనే ఉంది.

అక్టోబరు చివర ఒక పొద్దున లీలాకుమారి వత్తులు కత్తిరిస్తూ ఉంటే, ఆశీష్ గదిలోంచి కోడలి ఇంగ్లీషు వినిపించింది. ఎవరో ఈజిప్టు ఆయనతో ఫోను. పార్సిలు విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఆగిందట, కాయితం ఇంకోటి పంపాలట. మధ్యలో ఆ పిల్ల నవ్వింది. చిన్న నవ్వే. అయినా లీలాకుమారి చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నవ్వుతుంది," అనుకుంది. "అప్పుడే నవ్వొస్తుంది."

ఆమె కడుపులో మంట ఈనాటిది కాదు. ఎండాకాలంలో కృప అన్న విశ్వతేజ చెల్లెల్ని చూడ్డానికి వచ్చి, గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. "ముప్ఫై కూడా నిండలేదే నీకు. సమాధుల పండుగ దాకా ఉండు, తర్వాత వచ్చి తీసుకెళ్తాను. మంచి సంబంధం ఒకటి ఉంది." కృప ఏం చెప్పిందో లీలాకుమారికి వినపడలేదు. అన్న మాట మాత్రం చెవిలో సీసం పోసినట్టు దిగింది. ఈ పిల్ల వెళ్ళిపోతుంది. వెళ్ళి ఇంకో ఇంట్లో దీపం పెడుతుంది. అప్పుడు ఆశీష్ అనేవాడు ఒకడుండేవాడని తనతో కలిసి తలుచుకోవడానికి ఈ లోకంలో ఒక్క మనిషి కూడా మిగలదు. లీలాకుమారి భయమంతా అదే. ఆ భయాన్ని భయంలా చెప్పడం చేతకాక ఆమె దాన్ని కోపంగా మార్చుకుంది.

ఎండాకాలంలో కృప అన్న వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రమే, గ్లాసులు తుడుస్తూ, మామూలుగా అన్నట్టే అంది.

"కృపా, ఈసారి సమాధుల పండుగ కొవ్వొత్తులకు మరువం పెట్టాలె."

కృప చేతిలో గుడ్డ జారింది. "మీరేనా అత్తయ్యా, ఈ మాట అంటున్నది?"

"నేను గాకపోతే ఇంకెవరంటరు? ఇంట్ల ఇంకెవరున్నరు?"

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. వంగి, పెళ్ళయ్యాక ఎన్నడూ లేనిది, అత్తగారి చెయ్యి కళ్ళకద్దుకుంది. "తెప్పిస్తాను అత్తయ్యా. ఎక్కడున్నా సరే తెప్పిస్తాను."

తెప్పిస్తానంటే అచ్చు వేయించి చీటీలు తెప్పిస్తుందనుకుంది లీలాకుమారి. గ్లాసుల మీద అంటించే చీటీలు ఎప్పుడూ బయటినుంచే వచ్చేవి కదా. మరువం. నిన్ను మేం మరువం. ఆమె మనసులో కట్టుకున్న మాట అది. 'మరువను' అనలేదు, 'మరువం' అంది. అందులో తనుంది, కోడలుంది. వెళ్ళిపోయే పిల్ల చేత ఆ ఒక్క మాటైనా రాయించుకుంటే గుండెకు కాస్త ఆసరా అనుకుంది.

నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ రోజు చర్చి కుటుంబాలన్నీ బొల్లారం దగ్గరి సమాధుల తోటకు వెళ్ళి, తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తెల్లవి సగం వీధికి లీలాకుమారి చేతివే. గ్లాసువి మాత్రం ఈసారి కృప ఎవరికీ అమ్మనంది. పార్సిలు ఆలస్యంగా వచ్చింది. ఆ పిల్ల గది తలుపు వేసుకుని మైనం కరిగించింది, ఆరబెట్టింది, పారబోసింది, మళ్ళీ కరిగించింది. మూసిన తలుపును చూసినప్పుడల్లా లీలాకుమారికి ఒళ్ళు మండింది.

పండుగ ముందు రోజు పొద్దున కృప పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని వరండాలోకి వచ్చింది. నిద్ర లేక కళ్ళు పీక్కుపోయినా ముఖంలో ఏదో వెలుగు.

"అయ్యాయి అత్తయ్యా. చూడండి."

లీలాకుమారి ఒక గ్లాసు తీసి తిప్పింది. ఏమీ లేదు. ఇంకోటి తిప్పింది. వట్టి గాజు.

"ఏదీ?" అంది.

"ఏంటత్తయ్యా?"

"నోరు తెరిచి ఒక్కటడిగితి. మరువం పెట్టమంటి. ఏదీ?"

"పెట్టాను కదా! వాసన చూడండి."

"వాసనేందీ? నాతోని పరాచికాలా?" గ్లాసును పళ్ళెంలో ఠక్కున పెట్టింది. "నాకు తెల్వదనుకుంటున్నవా? రాయనీకె నీకు చెయ్యి రాలే. మరిచిపోయేటోళ్ళు మరువం అని ఎట్ల రాస్తరు? ఫోన్ల ఎవనితోనో నవ్వుతవ్. నా కొడుకు గదిని కార్ఖాన చేసినవ్. మీ అన్న సంబంధం చూసిండు, అది సుత నాకెరుకే. పండుగ దాకా ఎందుకు, ఇయ్యాలనే పో! నా కొడుకును నేనొక్కదాన్నే యాదుంచుకుంట. నాకెవ్వరు అక్కర్లే."

ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున పట్టి ఉంచిన మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. కృప పళ్ళెం పక్కనే నేల మీద చతికిలబడింది.

"రాయమన్నారా?" అంది చివరికి. "మీరు... అక్షరాలు రాయమన్నారా?"

"మరేందీ?"

"నేను ఆకు అనుకున్నాను అత్తయ్యా. మరువం ఆకు."

వరండాలో మైనం గిన్నె కింద నీళ్ళు ఉడుకుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో ఆడవాళ్ళు తలలో పువ్వులు పెట్టుకోరు. లీలాకుమారి పుట్టింటివాళ్ళు గట్టి ప్రార్థనాపరులు. పూలు, నగలు అలంకారమని వాళ్ళకు నిషిద్ధం. పెళ్ళయి, అంత కట్టుబాటు లేని పెద్ద చర్చికి వచ్చినా ఆమె ఆ పట్టు వదల్లేదు. పువ్వులు ప్రార్థన బల్ల మీదికి ఎక్కాలి, సమాధి మీదికి ఎక్కాలి, అంతేగాని మనిషి తలకెక్కకూడదు అనేది. గుంటూరు వాళ్ళ పిల్లేమో పూలజడల మధ్య పెరిగింది.

"పెళ్ళయిన కొత్తలో నేను కనకాంబరాలు పెట్టుకుంటే మీరు తీసెయ్యమన్నారు, గుర్తుందా అత్తయ్యా? తీసేశాను. ఆ సాయంత్రం ఆయన స్టేషను దగ్గర పూలమ్మే ఆమెనడిగి రెండు మరువం రెమ్మలు తెచ్చారు. 'అమ్మ పువ్వులు వద్దన్నది గాని ఆకులు వద్దనలే' అని నవ్వారు. ఇక రోజూ అదే. చొక్కా జేబులో దాచి తెచ్చేవారు. గదిలోకి వచ్చాక జడలో పెట్టేవారు. పొద్దున్నే మీ కంటపడకుండా గోడవతల పారేసేదాన్ని. దిండు నిండా ఆ వాసనే ఉండేది. ఆయన పోయాక కొన్నాళ్ళకు అదీ పోయింది."

లీలాకుమారి పళ్ళెంలోని గ్లాసుల వైపు చూసింది.

"ఆ రోజు మీరు మరువం పెట్టాలి అనగానే... ఆయన మీకు చెప్పేశారేమో, మీరు మమ్మల్ని క్షమించారేమో అనుకున్నాను. పచ్చి ఆకు మైనంలో వేస్తే నల్లగా మాడిపోయింది. ఇక్కడ కొన్న నూనెలన్నీ ఉత్త మందు కంపు. ఈజిప్టులో మరువం పండిస్తారని తెలిసి అక్కడి వ్యాపారిని ఒకాయన్ని పట్టుకున్నాను. నాకు మా దిండు వాసన కావాలని ఇంగ్లీషులో ఎట్లా చెప్పను? తలలో పెట్టుకుంటాం అంటే, మేం దాన్ని మరిగించి టీలా తాగుతాం, మీరు తలకెక్కిస్తారా అన్నాడు. అందుకే నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను నవ్వింది అదొక్కసారే."

లీలాకుమారి గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క పీల్పుకే ఆమెకు తెలిసిపోయింది. కొడుకు చొక్కాలు ఆమే ఉతికేది. జేబుల్లో ఎండు ఆకుల నలుసులు కనిపిస్తే టీ పొడి అనుకుని దులిపేసేది. బట్టల్లో ఈ వాసన వస్తే ఆఫీసులో ఎవరో పూసుకునే అత్తరనుకుంది. కన్నతల్లి ముక్కు, ఆమాత్రం పోల్చుకోలేకపోయింది.

పోల్చుకోలేకపోయిందా, తన పట్టు పోల్చుకోనివ్వలేదా? తన ఇంట్లోకి తన కొడుకు, పెళ్ళాం కోసం రెండు రెమ్మల ఆకును దొంగసొత్తులా దాచుకుని వచ్చాడు. ఆ రెమ్మలు చూసి ఆ ఇద్దరూ ఎంత మురిసిపోయారో, ఆ మురిపెం గోడకు ఇవతల పడుకున్న తనకు ఏనాడూ వినబడలేదు. వాడి బతుకులో అంత చక్కటి ముక్క ఒకటుందని తెలియకుండానే వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చింది. ఇన్నాళ్ళూ కొడుకంతా తన దగ్గరే ఉన్నాడని, ఈ పిల్ల దగ్గర ఏమీ లేదని అనుకుంది. ఉన్నదంతా ఈ పిల్ల దగ్గరే ఉంది.

పొయ్యి ఆపి, వచ్చి కోడలి పక్కన నేల మీద కూర్చుంది. ఆ పిల్ల చెయ్యి అందుకుంది. వేళ్ళ మీద మైనం కాలిన బొబ్బలు.

"కాలినయా బిడ్డా?"

"లేదత్తయ్యా. తగ్గిపోతాయి."

"నువ్వు పో, మీ అన్న దగ్గరికి. నేను ఆపను. బతుకంత ముంగటుంది నీకు, ఈ ముసలిదాని కోపం తినుకుంట ఎన్నొద్దులుంటవ్?" బొబ్బల మీద కొంగు అద్దింది. "గాని పోయేముందు వాని సంగతులన్నీ నాకు చెప్పి పో. ఇంకా ఏం తెచ్చేటోడు, ఏమనేటోడు, అన్నీ. ఒక్కటి సుత నీ వెంట కొంటవోకు."

కృప కన్నీళ్ళ మధ్యే తల అడ్డంగా ఊపింది. "మా అన్నయ్యకు రానని ఎండాకాలంలోనే చెప్పాను. ఆయన కబుర్లన్నీ చెప్పాలంటే ఏళ్ళు పడుతుంది అత్తయ్యా. మీరు వింటానంటే ఉంటాను."

లీలాకుమారి కోడలి తలను ఒళ్ళోకి లాక్కుంది.

మర్నాడు సాయంత్రం సమాధుల తోట జనంతో నిండిపోయింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, ఎక్కడివాళ్ళక్కడ కొవ్వొత్తులు వెలిగించుకున్నారు. ఆశీష్ సమాధి మీద కృప గ్లాసులు పేర్చింది, లీలాకుమారి వెలిగించింది. మైనం కరిగే కొద్దీ మెల్లగా వాసన పైకి లేచింది.

పక్క సమాధి దగ్గర కూర్చున్న రోసమ్మ, చర్చిలో లీలాకుమారికి పాత స్నేహితురాలు, ముక్కు ఎగబీల్చి ఇటు తిరిగింది. "ఏం వాసనక్కా ఇది? జెర మరువం లెక్క కొడుతుంది?"

"మరువమే," అంది లీలాకుమారి. చుట్టుపక్కల నలుగురికీ వినబడేలా అంది. "నా కొడుకు నా కోడలి జడల పెట్టేటోడు. రోజు తెచ్చేటోడు."

కృప తలెత్తి అత్తగారి వైపు చూసింది.

ఆ ఇంటి నియమం రోసమ్మకు తెలుసు. లీలాకుమారి ఆమె వైపు చూడలేదు. కొంగు బిగించి సమాధి మీదికి వంగి, నిరుటి నుంచి ఒక్కసారి కూడా కోడలి ఎదుట ఏడవని మనిషి, ఆ రాతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.

"ఆకులేనారా? ఆకులే తెచ్చినవారా కొడుకా? పువ్వులే తేకపోయినవ్. నేను తిట్టేదాన్ని. తిడితే తిట్టిచ్చుకుందువు... పువ్వులే తేకపోయినవ్."