విడిపోవడానికి మూడు ప్రకటనలు

"అయ్యగారూ, మేమిద్దరం విడిపోవాలనుకుంటున్నామండీ!"

తోమా, దేవకుమారి ఒకేసారి అన్నారు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడటం బహుశా అదే మొదటిసారి.

ఏసోబు అయ్యగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. చిలకలూరిపేట పక్క ఊళ్లో చర్చికి ఆయన పాస్టరు. కిందటేడు ఈ ఇద్దరికీ పెళ్లి చేసిన చెయ్యి ఆయనదే.

"కారణం?" అన్నారు తాపీగా.

"ఈయన్నే అడగండి," అంది దేవకుమారి. మామూలప్పుడు ఆమె మొగుణ్ణి 'బావా, నువ్వు' అంటుంది. కోపమొస్తే 'మీరు' అంటుంది. పుట్టింటికి వెళ్లిపోయిన దగ్గర్నుంచీ ఒకటే 'మీరు'. పుట్టిల్లంటే ఎక్కడో కాదు, అదే ఊళ్లో పక్క వీధి.

"ఏముందండీ!" అన్నాడు తోమా. పేటలో పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. "గుంటూరు బ్రాడీపేటలో ఏదో స్కూలువాళ్లు టీచరు ఉద్యోగానికి రమ్మని ఈవిడకి కబురు పంపారు. ఆ టైముకి తను ఇంట్లో లేదు. రోజూ అంత దూరం బస్సులో పడి ఏం తిరుగుతుందిలే అని, రాదని చెప్పి పంపేశాను. తన మంచికేగా!"

"ఆ మంచేదో నాకు చెప్పలేదండీ. తర్వాతెప్పుడో బజార్లో ఎవరో చెబితే తెలిసింది. నా ఉద్యోగం, నా జవాబు! ఈయనెవరండీ చెప్పడానికి?"

"సారీ చెప్పాగా!"

"చెప్పారండీ. 'సారీ, అయినా నేను చేసింది కరెక్టే' అన్నారు."

అయ్యగారు ఒక పలుకు నోట్లో వేసుకున్నారు.

"కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది. నా పద్ధతి నాకుంది. మీ పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివానా? అభ్యంతరం ఉన్నవాళ్లని చెప్పమన్నానా? విడిపోవడానికీ అంతే. మూడు ఆదివారాలు చదువుతా. ఎవరూ ఏమీ అనకపోతే మీ దారి మీది."

"ఊరందరి ముందా?" అన్నాడు తోమా.

"పెళ్లి మాత్రం చాటుగా చేసుకున్నావేంట్రా?"

దేవకుమారి గడ్డం పైకెత్తింది. "నాకు ఓకేనండీ."

"అయితే నాకూ ఓకే," అన్నాడు తోమా, పందెంలో ఓడిపోకూడదన్నట్టు.

ఆదివారం అయ్యగారు అన్నంత పనీ చేశారు. అచ్చం పెళ్లి ప్రకటన గొంతుతోనే చదివారు.

"మన సంఘస్థులైన తోమా, దేవకుమారి ఒకరినొకరు విడిచిపెట్టుటకు ఉద్దేశించియున్నారు. ఎవరికైనను అభ్యంతరమున్నయెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

చర్చిలో తుమ్ములు తప్ప చప్పుడు లేదు. మిరపకాయల రోజుల్లో ఆ ఊళ్లో దేవుడి దగ్గర కూడా తుమ్ములాగవు. వెనక బెంచీలోంచి దానయ్య లేచాడు.

"నాకుందండీ అభ్యంతరం. మాది వాళ్ల పక్కిల్లు. ఆ పిల్ల వెళ్లిపోయిన కాణ్ణించీ మాకు పొద్దుపోవట్లేదు. వాళ్ల పోట్లాటలు వినటానికి మహా బాగుంటాయండీ."

"అది అభ్యంతరం కాదు. కూర్చో."

చర్చంతా ఘొల్లుమంది. తోమా తలొంచుకున్నాడు. నవ్వాపుకోలేక ముసుగు నోటికి అడ్డం పెట్టుకున్న దేవకుమారిని మాత్రం ఓరగా చూడనే చూశాడు.

ఆ వారమంతా ఇద్దరికీ ఊపిరాడలేదు. మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు దేవకుమారిని చుట్టేశారు.

"తాగుతాడేంటే?" అంది దానయ్య భార్య ప్రేమమ్మ.

"ఛీ, వాసన కూడా పడదు."

"కొడతాడా?"

"ఆయనా! బల్లిని కొట్టడానికే భయపడతాడు."

"పోనీ పిసినారా?"

"ఎవరత్తా నీకు చెప్పింది? మిల్లు నుంచి వస్తూ ఏ రోజైనా ఒట్టి చేతుల్తో వచ్చాడా?" దేవకుమారి మొహం చేతిలో ఉన్న కాయ కంటే ఎర్రబడింది.

"మరింకేం మాయరోగమే నీకు?"

"నా బదులు ఆయన జవాబు చెప్పాడు."

"ఓసి నీ! మొగుళ్లందరూ చెప్పేదేగా!"

"అందుకే ఎవరో ఒకళ్లు అభ్యంతరం చెప్పాలిగా అత్తా."

ప్రేమమ్మ మళ్లీ కాయలు ఏరుకుంది.

అక్కడ మిల్లులో తోటి పనివాడు అంకమ్మరావు ఊరుకుంటాడా? "ఒరేయ్ తోమా! ప్రకటనలు అవగానే మీ ఆవిడకి సంబంధం చూస్తున్నారంటగా! నల్లపాడు స్టేషన్లో గుమాస్తా అంట."

"ఎవడ్రా అంది?"

"ఊరంతా అంటుంటే!"

ఆ రోజు తోమా బిగించిన బోల్టు బిగించినట్టే తెగిపోయింది. తనకి ఇంత అసూయ ఉందని అతనికే తెలీదు. ఖాళీ ఇంటికి వెళ్లి, అన్నం వండుకుని, తినలేక మూతపెట్టాడు. ఆమె లేకుండా తనకి ఒక్క పూట కూడా బాగుండదని అప్పుడు ఒప్పుకున్నాడు, గోడలకి తప్ప ఎవరికీ వినపడకుండా.

రెండో ఆదివారం ప్రకటనకి ఎవరూ లేవలేదు. అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తోమాకి భయమేసింది.

ఆ సాయంత్రమే వాన! కాలం కాని కాలంలో, చెప్పాపెట్టకుండా దిగింది. కల్లాల్లో మిరపకాయలున్నవాళ్లంతా పరుగో పరుగు. దేవకుమారి పుట్టింటివాళ్ల రాశి మీద కప్పే పట్టా ఒక కొస పట్టుకుని లాగుతోంది. అవతలి కొస ఎవరో అందుకున్నారు.

"గట్టిగా పట్టుకో!" అని అరిచి, తలెత్తి చూసింది. తోమా!

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మన్లేదు. పొమ్మంటే పోతా. పొమ్మంటావా?"

గాలికి పట్టా ఎగిరింది.

"ముందు ఆ మూల రాయి పెట్టండి. తర్వాత చెప్తా."

రాశి కప్పేసి ఇద్దరూ పాకలోకి దూరారు. తోమా చేత్తో మొహం తుడుచుకున్నాడు. మరుక్షణం "అబ్బా!" అని గంతేశాడు.

"మిరపకాయలు ముట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకుంటారా ఎవరైనా! వంగు బావా, వంగు!" చూరు నీళ్లు దోసిలి పట్టి అతని కళ్ల మీద కొట్టింది.

"ఏమన్నావ్?" నీళ్లు ధారగా కారుతున్న కళ్లతోనే నవ్వాడు తోమా.

"వంగండి అన్నాను."

"కుమారీ, నిన్న ఆ స్కూలుకని గుంటూరు బస్సెక్కా. ఆ హెడ్‌మిస్ట్రెస్‌ గారిని బతిమాలి నీ ఉద్యోగం నీకిప్పిద్దామని. యడ్లపాడులో దిగిపోయా."

"ఎందుకు?"

"నిన్ను అడగలేదని గుర్తొచ్చింది."

దేవకుమారికి చెప్పలేనంత సంతోషం వేసింది. అంత తేలిగ్గా సంతోషపడిపోతున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఇప్పుడు అడుగుతున్నా. వెళ్లి మాట్లాడమంటావా?"

"వద్దు. రేపు నేనే వెళ్తా."

"పోనీ పేట బస్టాండు దాకా సైకిలు మీద దింపనా?"

"వద్దు."

"సరే," అన్నాడు తోమా. ఇంకో మాట అనకుండా వానలోనే వెళ్లిపోయాడు.

వద్దంటే సరేనన్నాడు! దేవకుమారి ఆ రాత్రంతా అదే తలుచుకుంది. కానీ ఒక్క వానకి మనిషి మారతాడా? నలుగురిలో నిలబెడితే మళ్లీ పాత తోమా బయటికి రాడూ? ఆ సంగతే తేలాలి.

మూడో ఆదివారం చర్చి కిక్కిరిసింది. మిల్లు నుంచి అంకమ్మరావు కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అయ్యగారు చదివారు.

"ఇది మూడవది, ఆఖరి ప్రకటన."

దానయ్య లేవబోతుంటే ప్రేమమ్మ చొక్కా పట్టి కూలేసింది. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి తోమా లేచాడు.

"నాకు అభ్యంతరం ఉందండీ."

చర్చంతా హమ్మయ్య అనుకుంది. అయ్యగారి మొహం వెలిగిపోయింది. "అయితే మీ ఇద్దరి తరఫునా..."

"కాదండీ. నా ఒక్కడి తరఫునే. తన తరఫున చెప్పనండీ. ఒకసారి చెప్పి చూశాగా! తను విడిపోతానంటే నేను అడ్డం రాను." కూర్చున్నాడు.

అందరి కళ్లూ ఆడవాళ్ల వైపు తిరిగాయి. తోమా ఇద్దరి తరఫునా అని ఉంటే దేవకుమారి అటునుంచి అటే వెళ్లిపోయేది. లేచి నిలబడింది.

"నాకూ ఉందండీ అభ్యంతరం!"

చప్పట్లు, తుమ్ములు, "స్తోత్రం" అని కేకలు. అయ్యగారు చెయ్యెత్తారు.

"కారణం లేని అభ్యంతరం చెల్లదమ్మా."

"జూన్ నుంచి బ్రాడీపేట స్కూల్లో చేరుతున్నానండీ. వాళ్లకి సరేనని చెప్పి వచ్చాను. కాపురం గుంటూర్లో పెట్టాలా, ఇక్కడే ఉండాలా అన్నది ఇంకా తేలలేదు. అది తేలాలంటే ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి పోట్లాడుకోవాలి కదండీ!" అని ఒక్క క్షణం ఆగింది. "పైగా ఆయనంటే నాకు చాలా ఇష్టమండీ."

"చెల్లుతుంది!" అన్నారు అయ్యగారు, కాగితం చింపేస్తూ.

తోమా నడవా దాటి ఆడవాళ్ల బెంచీల వైపు వచ్చేశాడు. ఆ చర్చిలో మగవాడెవడూ అటు అడుగుపెట్టింది లేదు. దేవకుమారి ముందు ఆగాడు. ఊరంతా చూస్తుండగా అడిగాడు.

"పక్కన కూర్చోవచ్చా?"

దేవకుమారి జరిగి చోటిచ్చింది.